ఇంటర్వ్యూ లేని కేంద్ర ఉద్యోగం: ధ్రువపత్రాల దగ్గర ఆగిపోకుండా ఏం చేయాలి?

కేంద్ర ప్రభుత్వంలోని గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు లేవు. పరీక్ష గట్టెక్కాక అసలు గండం ధ్రువపత్రాల పరిశీలనే. ఇక్కడ మార్కులేమీ కలవవు. కానీ కాగితం సరిగ్గా లేకపోతే రిజర్వేషన్ వర్తించదు, అభ్యర్థిని జనరల్‌గా చూస్తారు. వయసు సడలింపుతో దరఖాస్తు చేసినవారికైతే ఉద్యోగమే చేజారవచ్చు.

రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ చాలదా?

చాలదు. బీసీ-ఎ నుంచి బీసీ-ఇ వరకు ఉన్న వర్గీకరణ తెలుగు రాష్ట్రాలకే పరిమితం. కేంద్ర ఉద్యోగాలకు కేంద్రం నిర్దేశించిన నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఉండాలి. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. కాబట్టి జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో మీ కులం పేరు ముందే చూసుకోండి.

ఆదాయం ఎవరిది చూస్తారు?

తల్లిదండ్రులది. అభ్యర్థి సొంత సంపాదన, పెళ్లయితే భర్త లేదా భార్య ఆదాయం లెక్కలోకి రావు. పరిమితి ఏడాదికి రూ.8 లక్షలు. ఇందులో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. అయితే తల్లిదండ్రులు ప్రభుత్వంలో ఉన్నత హోదాల్లో ఉంటే క్రీమీలేయర్ కిందకు రావచ్చు.

ఈడబ్ల్యూఎస్ సంగతేంటి?

ఇక్కడా పరిమితి రూ.8 లక్షలే కానీ లెక్క వేరు. జీతం, వ్యవసాయం సహా కుటుంబానికి అన్ని మార్గాల్లో వచ్చిన ఆదాయాన్నీ కలుపుతారు. అయిదెకరాలు, అంతకు మించి సాగుభూమి ఉంటే అర్హత ఉండదు. దరఖాస్తుకు ముందటి ఆర్థిక సంవత్సరం ఆదాయాన్ని చూస్తారు. అందుకే పాత సర్టిఫికెట్‌ను అలాగే పట్టుకెళ్లొద్దు.

పేరులో తేడా ఉంటే?

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరాల్లో ఉండటం మన దగ్గర మామూలే. మెమోకు తగ్గట్టు ఆధార్‌ను సరిచేయించుకున్నాకే దరఖాస్తు నింపండి.

ఎప్పుడు తీసుకోవాలి?

ఫలితాల దాకా ఆగొద్దు. సర్టిఫికెట్ ఏ తేదీలోపు జారీ అయి ఉండాలో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే సచివాలయంలోనూ దరఖాస్తు చేయవచ్చు. తహసీల్దార్ కార్యాలయ విచారణకు రోజులు పడుతుంది. చేతికి రాగానే నోటిఫికేషన్ చివర ఇచ్చిన నమూనాతో పోల్చి చూసుకోండి. తేడా ఉంటే అప్పుడే మార్పించుకోవచ్చు.