గంధపువన్నె – మీగడవన్నె



పండుగకు సున్నము వేయుట మన ఆచారము. తెల్లనిగోడ కన్నులకు మిరుమిట్లు గొలుపునని పలువురు గంధపువన్నెనో మీగడవన్నెనో కోరుదురు. గిన్నెలో రెండును ఒక్కటిగనే తోచును, గోడపై వేఱగును.

వడియగట్టిన గుల్లసున్నములో పసుపువన్నె మన్ను కొలదిగ కలిపిన మీగడవన్నె వచ్చును. దానికి చిటికెడు జేగురు చేర్చిన గంధపువన్నె. వంటింటి పసుపు మాత్రము కలుపరాదు. సున్నము తగిలిన నది పారాణివలె నెఱ్ఱనగును, పిమ్మట ఎండకు వెలియును. మన్నురంగులు ఇనుపతుప్పు జాతివగుటచే అట్లు చెడవు.

ఉత్తరపు వెలుతురు చల్లనిది. అందు మీగడవన్నె పాలిపోవును; గంధపువన్నె నిలుచును. పడమటిగదిలో సాయంకాలపుటెండకు గంధపువన్నె కావిగ కనబడును. అచ్చట మీగడవన్నె మేలు. వృద్ధులు గడప తడవుకొను చీకటిగదికిని అదియే తగును. లేతవన్నె వెలుతురును హెచ్చుగ మరలించును.

తడిరంగును నమ్మరాదు. సున్నము ఆరి, గాలిలోని బొగ్గుపులుసువాయువును గ్రహించి గట్టిపడును. ఆరినకొలది రంగు మిక్కిలి లేతయగును. కావున జానెడు వెడల్పున రెండు పట్టెలు వేసి, రెండు దినము లాగి, ఉదయమునను దీపపువెలుతురునను చూడుడు.

కృష్ణ కడలి గలియు హంసలదీవి ప్రాంతమున ఉప్పుగాలి యొక చిక్కు. చవుడెక్కిన గోడపై ఏ వన్నెయు నిలువదు; ముందు తేమ వచ్చు త్రోవ నరికట్టి, పెచ్చులు గీకవలెను.

తుదకు, ఇంట చూపు మందగించినవారి మాటనే ప్రమాణముగ గైకొనుడు.