‘టోపీవాలా’ అంటే ఒకప్పుడు ఎవరు? తలమీది పేర్ల వెనక ఉన్న కథ

పోయిన నెల పత్తర్‌గట్టీలో ఒక టోపీల దుకాణం దగ్గర నిలబడి ఉన్నాను. ఒక టీచరమ్మ వచ్చారు. స్కూల్లో పిల్లల నాటకం ఉందట. ‘‘ముస్లిం టోపీ ఒకటి ఇవ్వండి’’ అన్నారు. కొట్టు పెద్దాయన నవ్వి, ‘‘కౌన్‌సీ టోపీ, అమ్మా?’’ అంటూ ఐదారు రకాలు ముందు పెట్టారు. ఆమె తికమకపడి, ‘‘సినిమాల్లో ఉంటుంది కదా, అదే’’ అని తెల్ల జాలీ టోపీ తీసుకుని వెళ్లిపోయారు.

ఆమె తప్పేం లేదు. కానీ మిగతా టోపీలకూ పేర్లున్నాయి, ఆ పేర్లకు చరిత్ర ఉంది. అందులో తెలుగువాళ్ల వాటా కూడా తక్కువేం కాదు.

మసీదు దగ్గర కనిపించేవి

జాలీ టోపీ అంటే దారంతో వలలా అల్లినది. తేలిక, చవక, మడిచి జేబులో పెట్టుకోవచ్చు. రెండు గుడ్డ ముక్కలు కలిపి కుట్టేది దో పల్లీ టోపీ, దీనికి లక్నోలో పేరెక్కువ. గుండ్రంగా, సన్న సన్న రంధ్రాల చుట్టూ రంగుదారాల పనితనం ఉండేది ఒమానీ టోపీ, ఒమాన్‌లో దాన్ని కుమ్మా అంటారు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో ఇవి మన ఊళ్లకు చేరాయి. గొర్రెపిల్ల ఉన్నితో చేసేది కరాకులీ. పాకిస్తాన్‌లో దాన్నే జిన్నా టోపీ అంటారు. మన కశ్మీర్‌లో ఫారూఖ్ అబ్దుల్లా తలమీద చూసేదీ అదే.

ఇంకో మాట. టోపీ లేకపోతే నమాజే చెల్లదని కాదు. అది అదబ్, అంటే మర్యాద.

రూమీ టోపీ: ఒక దేశం వదిలేస్తే ఇక్కడ నిలిచింది

ఎర్రగా, డబ్బాలా నిటారుగా ఉండి, పైన నల్ల కుచ్చు వేలాడేది రూమీ టోపీ. చాలామంది కవి మౌలానా రూమీ పేరనుకుంటారు, కాదు. రోమన్ సామ్రాజ్యం వల్ల తుర్కీ ప్రాంతాన్ని పాతరోజుల్లో ‘రూమ్’ అనేవారు. అక్కడి టోపీ కాబట్టి రూమీ టోపీ. మొరాకోలోని ఫేజ్ నగరం పేరుమీద దీన్నే ఫెజ్ అని కూడా అంటారు.

1829లో సుల్తాన్ రెండో మహమూద్ తన ఉద్యోగులను పాగా మాని ఇది పెట్టుకోమన్నాడు. తలచూసి మతం, హోదా చెప్పలేకుండా అందరికీ ఒకటే ఉండాలన్నది ఆలోచన. కామర్స్ చదివిన నాకు ఇక్కడ ఆసక్తిగా అనిపించింది ఏంటంటే, ఆ టోపీలు చాలావరకు తయారైంది ఆస్ట్రియా ఫ్యాక్టరీల్లో. 1908లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకోగానే తుర్కీ జనం ఆ టోపీలను బహిష్కరించారు. 1925లో అతాతుర్క్ ప్రభుత్వం ఏకంగా దాన్ని నిషేధించి, అంచు ఉన్న యూరప్ టోపీ పెట్టుకోమంది.

అక్కడ పోయినా హైదరాబాద్‌లో మాత్రం నిలిచింది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఎన్నో ఫోటోల్లో ఈ టోపీతోనే కనిపిస్తారు. పెళ్లిళ్లలో షేర్వానీతో పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇత్తడి అచ్చుమీద దీన్ని బిగించి ఆకారం తెచ్చే పనివాళ్లు మాత్రం తగ్గిపోయారు.

దస్తార్, పగిడీ, రుమాలు

చుట్టుకునేదాని సంగతి వేరు. నిజాం దర్బారుకు వెళ్లాలంటే తలకు దస్తార్, నడుముకు బగ్లూస్ తప్పనిసరి. మదర్సాలో చదువు పూర్తిచేసినవాళ్లకు పెద్దలు తలపాగా చుట్టే వేడుక నేటికీ దస్తార్‌బందీయే. తెలంగాణ పల్లెలో రైతు తలకు చుట్టేది రుమాలు, అదీ ఫార్సీ నుంచి వచ్చిన మాటే. ఉర్దూలో ‘పగిడీ ఉఛాల్నా’ అంటే పరువు తీయడం. దుకాణం అద్దెకు తీసుకునేటప్పుడు ముందే చేతిలో పెట్టే పెద్ద మొత్తాన్నీ పగిడీయే అంటారు. ఇజ్జత్, నమ్మకం రెండూ తలగుడ్డలోనే ఉన్నాయన్నమాట. టోపీ దగ్గరికొస్తే మాత్రం తెలుగులో ‘టోపీ పెట్టాడు’, ఉర్దూలో ‘టోపీ పెహ్‌నాయా’. మోసపోవడంలో రెండు భాషలూ ఒక్కటే!

కుళ్లాయి మనదే

తెలుగులో టోపీకి పాత మాట కుళ్లాయి. ఇది ఫార్సీ ‘కులాహ్’ నుంచి వచ్చింది. విజయనగర దర్బారులో పెద్దలు పొడవాటి కుళ్లాయి పెట్టుకునేవారు. 15వ శతాబ్దపు కవి శ్రీనాథుడు ఆ రాజును కలవడానికి కుళ్లాయి పెట్టుకోవాల్సి వచ్చిందని వాపోయినట్టు ఒక చాటుపద్యం ఉంది. తిరుమలలో ఇద్దరు రాణులతో నిలబడి ఉన్న శ్రీకృష్ణదేవరాయల విగ్రహం తలమీద చూడండి, లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లో చూడండి, అవే కుళ్లాయిలు. అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రంకు హిందువులు, ముస్లింలు కలిసి కొలిచే పీరు కుళ్లాయిస్వామి. ఆ చుట్టుపక్కల కుళ్లాయప్ప అనే పేరు రెండు మతాల ఇళ్లలోనూ వినిపిస్తుంది.

ఇక టోపీవాలా సంగతి

కంపెనీ రోజుల్లో మనదేశంలో ‘టోపీవాలా’ అంటే ముస్లిం కాదు, ఇంగ్లీషు దొర! హిందువులు, ముస్లింలు ఇద్దరూ పాగా చుట్టేవాళ్లు కాబట్టి టోపీ పెట్టినోడు పరాయివాడు. దొరలు ఎండకు పెట్టుకున్న సోలా టోపీని కూడా ‘సోలార్’ అనుకుని ఎండకు ముడిపెడతారు. నిజానికి నీళ్లలో పెరిగే సోలా అనే మొక్క బెండుతో చేసేవారు కాబట్టి ఆ పేరు.

డిగ్రీ అయ్యాక మొదటి ఇంటర్వ్యూకు వెళ్తూ, జుహర్ నమాజు కాగానే టోపీ తీసి జేబులో పెట్టుకున్నాను. ఎవరూ తీయమనలేదు. ఏమనుకుంటారో అని నేనే తీశాను. ఉద్యోగం రాలేదు, అది వేరే విషయం. ఆ రోజు జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా అది తగులుతూనే ఉంది.

దర్బారులో రాయల తలమీద, కోటలో దొర తలమీద, మసీదులో మా తలమీద టోపీ మారుతూ వచ్చింది. టోపీ చూసి మనిషిని లెక్కగట్టే అలవాటు మాత్రం మారలేదు. ఈసారి ఎవరైనా ‘ముస్లిం టోపీ’ అంటే, ఆ దుకాణం పెద్దాయనలాగే నవ్వుతూ అడగండి: కౌన్‌సీ?