చేపలో కొలెస్టరాల్: దానిని కొలుచుట ఎట్లు?

ఓరుగల్లు ప్రాంతమున చెరువులకు కొదువ లేదు. పాకాల, రామప్ప, లక్నవరము వంటి కాకతీయుల నాటి చెరువులు పొలములకు నీటినేగాక ఇండ్లకు చేపలను గూడ ఇచ్చుచున్నవి. బొచ్చెయో కొర్రమీనో ఇంటికి వచ్చిననాడు, వైద్యుని హెచ్చరిక విన్న పెద్దవారు, "ఇందులో కొలెస్టరాల్ ఎంత యుండును? నేను తినవచ్చునా?" అని అడుగుట కద్దు. సామాన్యముగా 100 గ్రాముల చేప కండలో 50 నుండి 80 మిల్లీగ్రాముల వరకు ఉండునని చెప్పుదురు. కంటికి కానరాని ఈ పదార్థమును ఎవరు, ఎట్లు తూచినారు? నేడు మనము ముచ్చటించుకొనదలచినది ఇదియే.

కొలెస్టరాల్ మైనము వంటిది. జంతువుల ప్రతి జీవకణపు పొరలోను ఉండును. పైత్యరసములోని ఆమ్లములు, కొన్ని హార్మోనులు దీనినుండియే తయారగును. అయితే ఇది నీటిలో కరగదు. కనుక ముందుగా చేప కండను తూచి, మెత్తగా నూరి, రెండుపాళ్ళు క్లోరోఫారము, ఒకపాలు మిథనాలు కలిపిన ద్రవముతో క్రొవ్వును వేరుచేయుదురు. ఈ పద్ధతిని ఫోల్చ్, ఆయన సహచరులు 1957లో ప్రకటించినారు.

అటుపిమ్మట దానికి రంగు నీయవలెను. రంగు చిక్కదనమును బట్టి పదార్థమును లెక్కించుట మన తెలుగువారికి క్రొత్తగాదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలసి 1925లో భాస్వరమును కొలిచిన విధానము ఇట్టిదే.

ఇక ప్రతిరక్షకముల సహాయమున కొలుచు విధానము. ప్రతిరక్షకమనగా ఒక నిర్ణీత పదార్థమునే గుర్తించి పట్టుకొను ప్రోటీను. 1959-60 ప్రాంతమున అమెరికాలో యాలో, బెర్సన్ అను శాస్త్రజ్ఞులు రేడియోధార్మిక పదార్థముతో ఇన్సులినును ఈ తీరున కొలిచినారు. 1971లో స్వీడనులో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ రేడియోధార్మికతకు బదులు ఎంజైమును వాడిరి. అదియే నేటి ఎలైసా.

ఒక పోలిక చెప్పెదము. హనుమకొండనుండి నర్సంపేటకు పోవు బస్సులో 50 సీట్లున్నవనుకొందము. ఎఱ్ఱ తలపాగాలవారు 50 మంది ఎప్పుడును సిద్ధముగా నుందురు. తలపాగా లేనివారెందరు వచ్చిరో మనకు తెలియదు. అందరును ఒక్కసారే ఎక్కినపిమ్మట లోపల ఎఱ్ఱ తలపాగాలు తక్కువగా కనిపించినచో, లేనివారు హెచ్చుగా వచ్చిరని గ్రహింతుము. ఇచ్చట సీట్లు ప్రతిరక్షకములు; ఎఱ్ఱ తలపాగాలవారు ఎంజైము తగిలించిన కొలెస్టరాల్; తక్కినవారు చేపనుండి వచ్చిన కొలెస్టరాల్. 96 చిన్న గుంటలున్న పళ్ళెములో ఈ పోటీ జరుగును. పట్టు దొరకని దానిని కడిగివేసి, ఎంజైము వలన రంగు మారు ద్రవమును పోయుదురు. రంగు ఎంత పలుచనైన, చేపలో కొలెస్టరాల్ అంత హెచ్చు. ముందే తెలిసిన మోతాదులు పోసిన గుంటల రంగుతో పోల్చి అంకెను నిర్ణయింతురు.

అయితే యంత్రము చూపిన ప్రతి అంకెయు సత్యము కాదు. రక్తపు సీరమునకై తయారైన సామగ్రి చేప క్రొవ్వులో తడబడవచ్చును. కొలెస్టరాలును పోలిన వేరొక పదార్థమునకు సీటు దొరకవచ్చును. కనుక తెలిసిన మోతాదును చేప ముద్దలో తామే కలిపి చూతురు. 100 పాళ్ళు కలిపినచోట 95 తిరిగి లెక్కకు వచ్చిన, కొలత నమ్మదగినది. 60 మాత్రమే వచ్చిన, తక్కినది దారిలో పోయినదన్నమాట. ఆ అంకెను ప్రకటింపరాదు. అందుచేతనే ఆహార పరీక్షలలో వేరు పద్ధతులతోను సరిచూచుకొనుట మంచిది.

గృహిణులు గమనింపవలసిన దొకటి. చెప్పిన అంకె కండకు సంబంధించినది. చేప గ్రుడ్లలోను, రొయ్యలలోను కొలెస్టరాల్ అంతకన్న హెచ్చు. వేపుటకు వాడు నూనె, నెయ్యి లెక్క వేరు. రక్తములోని కొలెస్టరాలును పెంచుటలో సంతృప్తపు క్రొవ్వులకు పెద్దపాలు కలదు. కావున పెద్దవారికి చేప వడ్డించునప్పుడు పులుసు మేలా, వేపుడు మేలా యని యోచించుట అవసరము. రోగమున్నవారు వైద్యుని మాటను పాటింపవలెను. ఎవరైన ఒక అంకెను చెప్పినప్పుడు, "ఎంత?" అనుటతోబాటు "దేనిలో? ఎట్లు కొలిచినారు?" అని అడుగుట మన మలవరచుకొనదగిన అభ్యాసము.