జీతము లేని రాయబారులు

2004 డిసెంబరు 16వ తేదీన న్యూయార్క్ టైమ్స్ దినపత్రికలో రెండు పుటల ప్రకటన యొకటి వెలువడినది. అమ్మకపు సరుకేదియు అందులో లేదు. ఫైర్‌ఫాక్స్ అను బ్రౌజరు, అనగా ఇంటర్నెట్టు పుటలను తెరచి చూపు సాధనము, ఉచితముగా లభించుచున్నదని చాటుటయే దాని ఉద్దేశము. ప్రకటన వ్యయమునకు చందాలిచ్చిన సుమారు 10,000 మంది పేర్లు అందు సన్నని అక్షరములలో అచ్చయినవి. పంచిపెట్టు వస్తువును గూర్చి చాటుటకు, వాడుకొనువారే చేతిసొమ్ము పెట్టుట వర్తకచరిత్రలో అరుదైన విషయమే.

ఫైర్‌ఫాక్స్ ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేరు. దాని సోర్స్‌కోడ్, అనగా మూలరచన, ఎల్లరకును తెరచియుండును. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని ఇతరులకు పంచవచ్చును. 1998లో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజరు మూలరచనను బయటపెట్టగా పుట్టిన మొజిల్లా ఉద్యమమునకు ఇది ఫలము. పెద్ద కంపెనీలవలె ప్రచారమునకు ధనరాసులు కుమ్మరించు శక్తి దానికి లేదు. కనుక ప్రచారభారము సేవకుల భుజములపై పడినది. 2008 జూన్‌లో మూడవ కూర్పు వెలువడినపుడు ఒక్క దినములో 80 లక్షలకు పైగా ప్రతులు దిగుమతియై గిన్నిస్ గ్రంథమున కెక్కినవి.

ఉత్సాహము వెల్లువవంటిది, దానికి గట్లు కావలెను. 2011లో మొజిల్లా రెప్స్ అను ప్రతినిధివర్గము ఏర్పడినది. దేశదేశములలోని స్వచ్ఛంద సేవకులు ఇందు చేరిరి. కళాశాలలలో ఉపన్యాసములిచ్చుట, అనువాదకులను సమావేశపరచుట, క్రొత్తవారికి దారి చూపుట వారి పనులు. ప్రతి ప్రతినిధికిని ఒక మార్గదర్శి యుండెను. అందరిపైన ఒక మండలి. సభకు డబ్బు కావలసినను, పంచుటకు స్టిక్కర్లు, చొక్కాలు కావలసినను అర్జీ పెట్టుకొనవలసియుండెను.

ఇచ్చటనే చిక్కు వచ్చినది. ఎన్ని సభలు జరిగినవి, ఎందరు హాజరైరి అను లెక్కలు క్రమముగా పెరిగినవి. ఇన్‌స్పెక్టరు వచ్చిననాడు హాజరుపట్టీ నిండుగా నుండుట చదువు చక్కగా సాగుచున్నదనుటకు సాక్ష్యము కాదని ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. సభ ముగిసిన పిమ్మట ఒక్కడైనను దోషమొకటి కనిపెట్టెనా, ఒక్క వాక్యమైనను అనువదించెనా అన్న ప్రశ్న వెనుకబడినది. మార్గదర్శి సైతము శిష్యుని మంచిచెడ్డలు విచారించు గురువుగా గాక, అర్జీలు పరిశీలించు గుమాస్తాగా మారవలసివచ్చెను.

ఇంతలో మరియొక దెబ్బ తగిలినది. ఫైర్‌ఫాక్స్ ఓయస్ అను పేర మొజిల్లా చవుక ఫోనులకొక వ్యవస్థను నిర్మించెను. 2014 ఆగస్టులో ఇంటెక్స్ కంపెనీ అట్టి ఫోనును మనదేశమున 1,999 రూపాయలకే విక్రయించినది. సేవకులు దానిని భుజములపై మోసిరి. 2015 డిసెంబరులో ఆ ఫోనుల వ్యాపారమునుండి విరమించుకొనుచున్నట్లు మొజిల్లా ప్రకటించెను. వ్యాపారదృష్టితో అది తప్పని చెప్పలేము; ఆండ్రాయిడ్ ఫోనుల ధరలు నాటికే దిగివచ్చినవి. కాని తోడివిద్యార్థితో ఈ ఫోను కొనుమని చెప్పిన సేవకుడు ఏమని బదులు చెప్పవలెను? నిర్ణయము అతనిది కాదు. ఇచ్చిన మాట మాత్రము అతనిది. జీతగాడైన ఉద్యోగి పై అధికారిని చూపి తప్పించుకొనవచ్చును. సేవకునికున్న మూలధనమంతయు ఇరుగుపొరుగువారికి అతనిపైగల నమ్మకమే.

ఆ రోజులలోనే, 2015, 2016 సంవత్సరములలో, రెప్స్ వర్గమును తిరిగి తీర్చిదిద్దు ప్రయత్నము సాగినది. దానికి రెప్స్‌నెక్స్ట్ అని పేరు. అందలి ముఖ్యమైన ఆలోచన చాల సాదా. అందరును అన్ని పనులు చేయనక్కరలేదు. డబ్బు, సామగ్రి విషయములలో ఆరితేరినవారు ఇతర సేవకుల పక్షమున ఆ అర్జీలు చూతురు. వాటిని పరిశీలించుటకు వేరొక బృందముండును. మార్గదర్శులు ఆ బరువు దించుకొని, ఎదుటివానిచేత ఆలోచింపజేయు శిక్షణవిధానము నేర్తురు. సభల సంఖ్యకంటె వాటివలన కలిగిన ఫలితమునకు విలువ యియ్యవలెనని సంకల్పము.

ఈ మార్పులలో మెచ్చదగినది డబ్బును, స్నేహమును విడదీయుట. నిధులు మంజూరు చేయువాడే సలహాదారుడైనచో, అతని యెదుట తన లోపమును ఎవడును చెప్పుకొనడు. మన సాహితీసంఘములలో కోశాధికారియే కార్యదర్శియైనపుడు జరుగు వింతలు ఎరిగినవారికి ఇది కొత్త కాదు! అయితే రెప్స్‌నెక్స్ట్ తాకని భాగమొకటి మిగిలిపోయినది. తమ వర్గపు వ్యవహారములలో మండలికి మాట దక్కెను గాని, ఏ వస్తువు నిలుచును, ఏది పోవును అను నిర్ణయము సంస్థచేతిలోనే యుండెను. 2020 ఆగస్టులో ఆ సంస్థ సుమారు 250 మంది ఉద్యోగులను తొలగించినది. ఉద్యోగులకే నిలుకడ లేనిచోట సేవకుల మాట యెంత?

అయినను పని ఆగలేదు. ఫైర్‌ఫాక్స్ తెలుగులోను లభించుచున్నది. అందలి పట్టీలకు, హెచ్చరికలకు తెలుగుమాటలు కూర్చినవారు ఇట్టి సేవకులే. 2020లో కూర్పునకు కూర్పునకు నడిమి వ్యవధి నాలుగు వారములకు తగ్గెను. కూర్పు మారినప్పుడెల్ల అనువదింపవలసిన వాక్యములు మరికొన్ని వచ్చిచేరును. వాటికొరకు ఎవరో యొకరు రాత్రి భోజనమైన పిమ్మట నిఘంటువు తెరచి కూర్చుండవలెను.