కాలువ కట్టేశాక... కుండలో నీళ్లు పదిలమేనా?

దాళ్వా కోతలు ముగుస్తాయి. కాలువలు కట్టేస్తారు. మళ్లీ సార్వాకు నీళ్లు వదిలేదాకా ఏలూరు, తాడేపల్లిగూడెం వీధుల్లోనూ కొల్లేటి లంకల్లోనూ అందరి ధ్యాసా నీళ్ల మీదే. కుళాయి ఎప్పుడొస్తుంది? టిన్నుల ఆటో వచ్చి వెళ్లిపోయిందా? ట్యాంకరు ఇవాళ మన వీధికి ఉందా? వేసవిలో ఆసుపత్రి మెట్లెక్కించే సమస్యలు చాలావరకు రెండు కారణాలతోనే వస్తాయి. ఒకటి, ఒంట్లో నీరు తగ్గిపోవటం. రెండోది, తాగిన నీరు చెడిపోవటం. ఈ రెండింటినీ ఇంట్లోనే, వీధిలోనే చాలావరకు అడ్డుకోవచ్చు. అదెలాగో చూద్దాం.

రెండు నదుల నీరొచ్చినా...

విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన గోదావరి కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. విజయవాడ నుంచి కృష్ణా కాలువా ఇక్కడికే వస్తుంది. రెండు నదుల నీళ్లూ అందే ఊళ్లు తక్కువే. కానీ కాలువలు కట్టేసిన రోజుల్లో ముందుగా నింపి పెట్టుకున్న మంచినీటి చెరువులే దిక్కు. పారే నీటికీ, నిలవ నీటికీ తేడా ఉంటుంది. ఎండకు నీటిమట్టం తగ్గేకొద్దీ చెరువులో నాచు పెరుగుతుంది, నీటికి పచ్చని రంగూ నాచు వాసనా వస్తాయి. నాచు, బురద ఎక్కువైతే నీటిలో కలిపిన క్లోరిన్ వాటి మీదే ఖర్చయిపోతుంది. సూక్ష్మజీవులను చంపటానికి మిగిలేది తక్కువ. కుళాయి దగ్గరికొచ్చేసరికి లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. కొంచెం మందు వాసన వస్తోందని విసుక్కుంటాం గానీ, ఆ వాసన మనకు రక్షణే.

మోటారు పెట్టి లాగుతున్నారా?

రోజులో గంటో రెండు గంటలో మాత్రమే నీళ్లొచ్చే చోట పైపులు మిగతా సమయమంతా ఖాళీగా ఉంటాయి. పైపుకు ఎక్కడైనా చిల్లు ఉండి, పక్కనే మురుగు కాలువ ఉంటే ఆ మురుగు లోపలికి ఊరుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే పైపులో మురుగును మరింత బలంగా లాగినట్టే. మీ ఇంటికి నీళ్లు గబగబా వస్తాయి, వాటితో పాటు పక్క వీధి మురుగూ రావచ్చు. అందుకే కుళాయికి మోటారు వద్దు. నీళ్లు వదిలిన తొలి కొద్ది నిమిషాలు పట్టినవి మొక్కలకో, గచ్చు కడగటానికో వాడండి. తేటగా వచ్చాకే తాగే బిందె పెట్టండి. రంగు మారినా, మురుగు వాసన వచ్చినా వార్డు సచివాలయంలో ఆ రోజే చెప్పండి. ఒక్కరు చెబితే ఫిర్యాదు. వీధంతా చెబితే, లీకు ఎక్కడుందో వెతకటం సిబ్బందికీ తేలిక.

తాగే నీళ్లను సలసలా మరిగించి, ఒక నిమిషం పాటు అలాగే మరగనిచ్చి దించితే కలరా, టైఫాయిడ్, కామెర్లు తెచ్చే సూక్ష్మజీవులు చస్తాయి. గ్యాసు ఖర్చు అనుకుంటే క్లోరిన్ బిళ్లలు వాడొచ్చు. బిళ్ల ఎన్ని లీటర్లకు సరిపోతుందో పొట్లం మీద చూసి అంతే నీటిలో వేయండి. అరగంట ఆగాకే తాగండి.

మరిగిస్తే అన్నీ పోవు

ఏలూరు వాసులకు 2020 డిసెంబరు గుర్తుండే ఉంటుంది. ఆ నెల 5న మొదలై కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా మూర్ఛ, కళ్లు తిరగటం, వాంతులతో ఆసుపత్రుల పాలయ్యారు. ఒకరు చనిపోయారు. బాధితుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. పురుగుమందుల అవశేషాలే కారణం కావచ్చని నిపుణులు అభిప్రాయపడ్డారు.

అది వేసవిలో వచ్చిన ఆపద కాదు. అయినా దాని నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. మరిగించటం, క్లోరిన్ వేయటం సూక్ష్మజీవుల మీదే పనిచేస్తాయి. సీసం, పురుగుమందు, ఉప్పు వీటితో పోవు. పైగా ఉప్పునీళ్లను మరిగిస్తే ఆవిరి పోయి ఉప్పు ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి పురుగుమందు డబ్బాలు, రంగు డబ్బాలు ఎంత కడిగినా సరే, నీళ్లు పట్టటానికి వాడొద్దు. కూరగాయలు, ఆకుకూరలు ధారగా పడే నీళ్ల కింద రుద్ది కడగండి. ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఫిట్సో, వాంతులో వస్తే విడివిడిగా మందులు వాడి ఊరుకోకుండా ఆరోగ్య సిబ్బందికి కలిపి చెప్పండి. ఎంత త్వరగా తెలిస్తే, కారణం అంత త్వరగా దొరుకుతుంది.

టిన్ను నీళ్లయితే నిశ్చింతేనా?

20 లీటర్ల టిన్ను ఇప్పుడు ప్రతి గడపలోనూ కనిపిస్తుంది. ఆర్వో యంత్రం నీటిలోని ఉప్పులను బాగా తగ్గిస్తుంది, నిజమే. కానీ అదే సమయంలో క్లోరిన్‌నూ తీసేస్తుంది. అంటే ప్లాంటు దాటాక ఆ నీటికి సొంత రక్షణ ఉండదు. టిన్ను సరిగా కడగకపోయినా, మూత వదులైనా, ఎండలో ఆటో మీద గంటల తరబడి తిరిగినా సూక్ష్మజీవులు పెరుగుతాయి. టిన్ను లోపల వేలితో రాస్తే జిగటగా తగిలినా, పచ్చని పొర కనిపించినా వెనక్కి ఇచ్చేయండి. ఫిల్టర్లు ఎప్పుడు మార్చారో, టిన్నులు దేంతో కడుగుతారో ప్లాంటు వారిని అడగటానికి మొహమాటం అక్కర్లేదు. టిన్నును నీడలో పెట్టండి. నీళ్లు వంపే ముందు దాని మూతి తుడవండి. రెండు మూడు రోజుల్లో వాడేయండి.

లంకల్లో బాధ వేరు

కొల్లేరు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పెద్ద మంచినీటి సరస్సు. దాని నీరు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. వేసవిలో సరస్సు మట్టం తగ్గితే అదే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు వెనక్కి ఎగదన్నుతుంది. ఊళ్ల మురుగు, చేపల చెరువుల నీళ్లు కూడా చేరుతుంటే లంక గ్రామాల వాళ్లు ఆ నీటిని నోట పెట్టుకోలేరు. చాలాచోట్ల బోరు నీళ్లూ ఉప్పే. ఉప్పునీళ్లు రోజూ తాగితే రక్తపోటు పెరిగే ముప్పుంది. గర్భిణులు, బీపీ ఉన్నవాళ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇంట్లో మంచినీళ్లు తక్కువగా ఉంటే తాగటానికీ వంటకూ ముందు పక్కన పెట్టి, స్నానానికీ బట్టలకూ బోరు నీళ్లు వాడండి.

ఆ ఐసు ఎక్కడిది?

చేపల ఎగుమతి బాగా జరిగే ప్రాంతం మనది. పట్టుబడి రోజున చేపల పెట్టెల్లో నింపేందుకు ఐసు దిమ్మలు లారీలకు లారీలు వెళ్తుంటాయి. చేపలకు వాడే ఐసు చేపలను చల్లగా ఉంచటానికి చేసింది, తినటానికి కాదు. దాన్ని ఏ నీళ్లతో చేశారో, నేల మీద ఎక్కడ ఈడ్చారో మనకు తెలియదు. గోనెపట్టాలో చుట్టిన దిమ్మను సుత్తితో కొట్టి చెరకు రసంలోనో, షర్బత్‌లోనో వేస్తుంటే వద్దనండి. సూక్ష్మజీవులు ఐసులో చావవు, కరిగాక మళ్లీ లేస్తాయి. చెరకు రసం తాగాలనిపిస్తే గడలు కడిగి, మీ ఎదుటే తీయించుకుని, ఐసు లేకుండా తాగండి. కొబ్బరిబోండం, తాటి ముంజలు, ఇంట్లో చేసిన ఉప్పు మజ్జిగ అన్నిటికన్నా మేలు. చలివేంద్రం పెట్టినవాళ్లు కుండల మీద మూతలు, ముంచటానికి పొడవాటి కాడ గరిటె ఉంచితే పుణ్యంతో పాటు ఆరోగ్యమూ దక్కుతుంది. చేతులు ముంచిన కుండ నలుగురికీ జబ్బు పంచుతుంది.

ఓఆర్‌ఎస్ అని రాసి ఉంటే చాలదు

విరేచనాలు పట్టుకుంటే నీటితో పాటు లవణాలూ పోతాయి. వాటిని భర్తీ చేసేది ఓఆర్‌ఎస్. ఆశా కార్యకర్తల దగ్గర, ఆరోగ్య కేంద్రాల్లో ఈ పొట్లాలు ఉచితంగా దొరుకుతాయి. ఒక లీటరు పొట్లాన్ని ఒకేసారి లీటరు నీటిలోనే కలపాలి. గ్లాసు నీటిలో కొంచెం కొంచెం కలిపితే పాళ్లు తప్పుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం అందుబాటులో లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి.

దుకాణాల్లో పండ్ల రుచులతో దొరికే డబ్బా పానీయాలు వేరు. వాటిలో పంచదార బాగా ఎక్కువ. విరేచనాలతో ఉన్న పిల్లలకు అవి పడితే విరేచనాలు ఇంకా పెరగొచ్చు. ఈ విషయంపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్లకు సరిపోని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడొద్దని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉందో లేదో చూసుకోండి. పిల్లలకు విరేచనం అయిన ప్రతిసారీ, రెండేళ్ల లోపు వారికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవారికి 100 నుంచి 200 మిల్లీలీటర్లు చెంచాతో మెల్లగా తాగించండి. ఆరు నెలల్లోపు పసివాళ్లకు ఎండాకాలంలోనైనా విడిగా నీళ్లు అక్కర్లేదు. తల్లిపాలే చాలు. మాటిమాటికీ పట్టాలి.

ఉక్కపోతను తక్కువగా చూడొద్దు

చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మనవైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట కారుతుందే తప్ప ఆరదు. థర్మామీటరులో 38 డిగ్రీలే ఉన్నా ఒంటికి అంతకన్నా ఎక్కువ వేడి తగులుతుంది. అందుకే వాతావరణ శాఖ మైదానాల్లో 40 డిగ్రీలకు వడగాలుల లెక్క మొదలుపెడితే, తీరప్రాంతాల్లో 37కే మొదలుపెడుతుంది. మార్కెట్‌లో బస్తాలు మోసే జట్టు కూలీలు, చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లు, తాపీ పనివాళ్లు, వంట గదిలో పొయ్యి ముందు నిలబడే ఇల్లాళ్లు... వీళ్లకు నీడలో ఉన్నా ముప్పే. దాహం వేసేదాకా ఆగొద్దు. మూత్రం ముదురు పసుపులో వస్తే నీళ్లు చాలటం లేదని అర్థం. బరువు పనులు పొద్దున్నే ముగించి, మధ్యాహ్నం విరామం ఇవ్వాలి. ఈ మాట పని చేయించుకునేవాళ్లకు కూడా.

తలనొప్పి, కండరాలు పట్టేయటం, వికారం, నీరసం ఉంటే నీడకు చేర్చి, ఓఆర్‌ఎస్ తాగిస్తే సాధారణంగా తేరుకుంటారు. మాట తడబడినా, మనిషిని పోల్చుకోలేకపోయినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారన్‌హీట్ దాటి ఉండొచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు ఊరుకోవద్దు. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర చల్లని తడిగుడ్డలు పెట్టండి. ఈ పనికి చేపల ఐసు అయినా ఫర్వాలేదు, గుడ్డలో చుట్టి వాడండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు.

మందులు వాడేవారికి

* బీపీకి, గుండెకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు వేసవికి ముందే డాక్టర్‌తో మాట్లాడాలి. మోతాదు మార్చాల్సి రావొచ్చు. సొంతంగా మానేయొద్దు.
* గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఎన్ని నీళ్లు తాగాలో, ఓఆర్‌ఎస్ తాగొచ్చో లేదో అడిగి తెలుసుకోవాలి.
* కరెంటు పోయి ఫ్రిజ్ ఆగితే ఇన్సులిన్ సీసాను పాలిథిన్ కవరులో పెట్టి, తడి మట్టికుండలో చల్లని చోట ఉంచండి.
* నిలవ చేసిన డ్రమ్ములకు మూతలు పెట్టండి. వారానికొకసారి ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి. డెంగీ దోమ మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది.
* పిల్లలు ఊరు విడిచి వెళ్లి, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు మీ వీధిలో ఎవరున్నారో గుర్తుపెట్టుకోండి. పగటి వేళ ఒకసారి తలుపు తట్టి, నీళ్లు ఉన్నాయా, తాగారా అని అడగండి.