అంటువ్యాధియు, చాకలిమూటయు

2020వ సంవత్సరము శ్రావణమాసములో కరోనా వ్యాధి మా గోదావరి సీమను ముంచెత్తినది. అప్పటి తూర్పుగోదావరి జిల్లాలో వేయికి పైగా క్రొత్త రోగులు బయటపడిన దినములు గలవు. ఆ రోజులలో, మా ఇంటి బట్టలను తరతరములుగా ఉతుకుచున్న రజకుడు మూట దింపబోగా, నేనతనిని వీధిగుమ్మముననే ఆపి, ఇక రావలదంటిని. అతడు మూటను నేలపై నుంచి, "బట్టల్లో రోగం ఉంటే ముందు నాకే రావాలి గదండీ, బాబుగారూ! ఊరందరి మైలా మోసేది నేనే గదా!" అని వెడలిపోయెను. ఆ మాట నన్ను వారము దినములు సరిగా నిద్రపోనీయలేదు. పిమ్మట వైద్యుని అడిగియు, చదివియు నేను తెలిసికొన్న సంగతులను నేడు మీకు విన్నవించుచున్నాను.

బట్టలను గూర్చి మన పూర్వులు భయపడుట నిష్కారణము గాదు. మశూచికపు పొక్కుల చీమును పెచ్చులును పడకగుడ్డలకు అంటి, వానిని ముట్టినవారికి ఆ వ్యాధి తగులుచుండెను. కలరా రోగి బట్టలను కాలువలో జాడించినచో, ఆ నీరు త్రాగిన దిగువ గ్రామములకు వ్యాధి ప్రాకును. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది మొదలు మన డెల్టా పల్లెలు కాలువనీటిపైననే ఆధారపడియున్నవి గనుక, ఈ జాగ్రత్త మనకు నేటికిని అవసరమే. మశూచికము లోకమునుండి తొలగినదని 1980లో ప్రకటించిరి. దాని భయము మాత్రము మన మనస్సులలో మిగిలినది.

కరోనా వచ్చు దారి వేరు. రోగి మాటలాడునపుడును, దగ్గునపుడును, ఊపిరి విడుచునపుడును వెలువడు తుంపరలును సన్నని కణములును గాలిద్వారా ఇతరులను చేరుటయే దానికి ప్రధానమార్గము. 2020లో హాంగుకాంగు శాస్త్రజ్ఞులు వైరసును పలు వస్తువులపై నుంచి పరీక్షించిరి. ఉక్కుపైనను ప్లాస్టిక్కుపైనను అది నాలుగవ దినమున కూడ సజీవముగ కనబడినది. గుడ్డపైన రెండవ దినమునకే కనబడలేదు. వైరసు అంటిన వస్తువును ఒకమారు తాకుటవలన వ్యాధి సోకు అవకాశము సాధారణముగా పదివేలలో ఒకటికంటె తక్కువయని అమెరికా వ్యాధి నివారణ సంస్థ 2021 ఏప్రిలులో తెలిపినది.

మరియు ఈ వైరసు పైపొర క్రొవ్వుతో గూడినది. తలంటునాడు కుంకుడురసము నూనెజిడ్డును విడదీయునట్లు, సబ్బు ఆ పొరను చెదరగొట్టును. పొర చెదరిన వైరసు నిర్వీర్యమగును. బట్టలను బానలో ఉడుకబెట్టి, ఉతికి, ఎండలో ఆరవేయు మన రజకుల పాతపద్ధతి ఎంత మంచిదో దీనివలన తెలియుచున్నది.

ఇంట రోగి యున్నపుడు చేయవలసిన దిది. అతని బట్టలను దులుపరాదు, రొమ్మునకు హత్తుకొని మోయరాదు. తీయువారు ముక్కును నోటిని కప్పుకొని, తొడుగులుగల చేతులతో వానిని సంచిలో వేయవలెను. మలము అంటియున్నచో ముందు దానిని తీసి మరుగుదొడ్డిలో వేయవలెను. 60 మొదలు 90 డిగ్రీల వేడిగల సబ్బునీటిలో బట్టలను వేసి, నీరు చిందకుండ కఱ్ఱతో కలుపవలెను. అంత వేడినీరు లేనిచో, నూటికి 30 పాళ్ల క్లోరినుగల బ్లీచింగు పొడిని పది లీటర్ల నీటికి 17 గ్రాముల చొప్పున కలిపి, సబ్బుతో ఉతికిన బట్టలను అందులో అరగంట నాననిచ్చి, మంచినీట జాడించి, ఎండలో పూర్తిగా ఆరనీయవలెను. రంగుబట్టలు వెలియవచ్చును. ఆ పొడిని ఆమ్లములతో కలుపరాదు; విషవాయువు పుట్టును. మైలనీటిని కాలువలో పోయరాదు. పని ముగిసినపిమ్మట చేతులను సబ్బుతో కడుగుకొనవలెను.

రజకునికి మూటకంటె రోగి గదిలోని గాలియే యెక్కువ ప్రమాదము. కావున అతనిని లోనికి రమ్మనక, బయలున మూటనందించి, రోగి యున్న సంగతిని దాచక చెప్పుటయే ధర్మము. వానిని వెలివేయుట వైద్యము గాదు.

కరోనా అత్యవసరస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన ప్రకటించినది. రేపు మరియొక వ్యాధి రావచ్చును. అది యే దారిని వచ్చునో ముందు తెలిసికొని, పిమ్మట మనము తలుపు మూయుదము. నేను ముందు తలుపు మూసితిని. ఆ నెల చివర రేవునకు పోయి, ఆగిన దినముల కూలి చెల్లించి, తప్పు నాదని అతనితో చెప్పితిని. అతడు నవ్వి మూటకై చేయి చాచెను.