హారర్ సినిమాల్లో అమ్మాయి భయాన్నే అంతసేపు ఎందుకు చూపిస్తారు?

సినిమాలో పారే రక్తం రంగునీళ్లేనని నాచారం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియో వాళ్ల ఏరియాలోనే ఉంది. అందుకే పిల్లలు ఫోన్లో కత్తులు, ముసుగులు, కేకల సినిమా పెట్టుకున్నా "అదంతా ఉత్తదే కదా" అని పెద్దవాళ్లు వదిలేస్తుంటారు. కత్తి ఉత్తదే. కానీ అది ఏ అమ్మాయి మీదికి వస్తోంది, ఎందుకు వస్తోంది అన్న లెక్క మాత్రం చూసేవాళ్ల మనసులో ఉండిపోతుంది.

హంతకుడు ఒక్కొక్కరినే వెంటాడి చంపే ఈ రకం సినిమాలను స్లాషర్ అంటారు. ఇవి ఇన్ని రావడానికి మొదటి కారణం డబ్బు. 1978లో జాన్ కార్పెంటర్ 'హాలోవీన్' తీయడానికి అయిన ఖర్చు సుమారు 3 లక్షల డాలర్లు, వచ్చింది మాత్రం కోట్లలో. స్టార్లు అక్కర్లేదు, సెట్లు అక్కర్లేదు. ఒక ఇల్లు, ఒక రాత్రి, గట్టిగా అరవగల నలుగురు కొత్త అమ్మాయిలు ఉంటే పని అయిపోతుంది.

ఈ సినిమాల్లో ఆడవాళ్లే ఎక్కువ చస్తారని చాలామంది అనుకుంటారు. గ్లోరియా కోవన్, మార్గరెట్ ఓబ్రియన్ అనే పరిశోధకులు 56 సినిమాలు పరిశీలించి 1990లో చెప్పిందేమిటంటే, ఆడ, మగ చావులు ఇంచుమించు సమానమే. అయితే చివరికి బతికి బయటపడే అమ్మాయిలు ఎక్కువగా శృంగారం జోలికి పోనివాళ్లు. 1993లో ఇంకో పరిశోధన మరో తేడా పట్టుకుంది: తెర మీద భయంతో వణికే సమయం మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ. టికెట్ తెగేది ఆ వణుకు మీదే.

తెలుగువాళ్లకు ఇది కొత్తేం కాదు. భారతీరాజా తమిళంలో తీసిన కమల్ హాసన్, శ్రీదేవి సినిమా 'ఎర్ర గులాబీలు' పేరుతో 1979లో తెలుగులోకి వచ్చింది. పైకి పెద్దమనిషిలా ఉండే హీరో ఆడవాళ్లను ఇంటికి రప్పించి చంపేస్తాడు. వాళ్లను పాతిపెట్టిన చోట గులాబీలు పూస్తాయి. ఆ హత్యల ఫిల్మ్‌ను పెంపుడు తండ్రి కూర్చుని చూస్తుంటాడు. అతడిని చూస్తే మనకు అసహ్యం వేయాలి. కానీ అవే హత్యల్ని హాల్లో జనం కూడా టికెట్ కొని చూశారు కదా! పైగా హీరోకు చిన్నప్పుడు ఆడవాళ్ల వల్ల జరిగిన అన్యాయం ఫ్లాష్‌బ్యాక్‌లో వస్తుంది. దాంతో చచ్చినవాళ్ల మీద పడాల్సిన జాలి కాస్తా చంపినవాడి మీదికి పోతుంది. సినిమా బాగా తీశారన్నది నిజమే, అందుకే ఈ గారడీ అంత సులువుగా పనిచేసింది.

చూస్తే ఏమవుతుంది? చూసిన ప్రతివాడూ కత్తి పట్టుకోడు. అయితే 1984లో అమెరికాలో ఎడ్వర్డ్ డోనర్‌స్టీన్ బృందం కాలేజీ కుర్రాళ్లకు ఆడవాళ్లపై హింస ఉన్న సినిమాలు ఐదు రోజుల్లో ఐదు చూపించింది. రోజులు గడిచేకొద్దీ వాళ్లకు అందులో హింస తక్కువగా కనబడింది. తర్వాత ఒక అత్యాచారం కేసు విచారణ చూపిస్తే, ఆ సినిమాలు చూడనివాళ్లతో పోలిస్తే బాధితురాలికి పెద్దగా దెబ్బ తగల్లేదన్నట్టు మాట్లాడారు.

ఉప్పల్‌లో థియేటర్‌కు పోతే 'ఎ' సర్టిఫికెట్ సినిమాకు 18 ఏళ్లలోపు వాళ్లను లోపలికి పంపకూడదు. 2023 చట్ట సవరణతో 'యు/ఎ' కూడా 7, 13, 16 ఏళ్లుగా విడిపోయింది. ఓటీటీల్లో 13 ప్లస్, ఆ పైన వాటికి తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి, సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసుకోవాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లే. చిక్కంతా ఎవరో యూట్యూబ్‌లో ఎక్కించిన డబ్బింగ్ కాపీలతోనే. అక్కడ ఆ అక్షరం కనబడకపోవచ్చు.

ఈ సినిమాల్లో ఇంకో రివాజు ఉంది. ఎవరో వెంటబడుతున్నారని అమ్మాయి చెబితే మొదట ఎవరూ నమ్మరు. ఉప్పల్ మెట్రో దిగి నాచారం ఆటో ఎక్కే అమ్మాయి అదే మాట ఇంట్లో అంటే, "ఆ టైమ్‌లో అక్కడ నీకేం పని?" అని అమ్మీ నోటి నుంచో, అన్న నోటి నుంచో వస్తుంది. చట్టం ఆ ప్రశ్న అడగదు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 ప్రకారం, వద్దన్నా వెంటబడితే మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు జైలు. షీ టీమ్స్ 2014 నుంచి ఇదే పని మీద ఉన్నాయి. 100కు గానీ, మహిళా హెల్ప్‌లైన్ 181కు గానీ ఫోన్ చేయొచ్చు. ఉప్పల్‌లో జరిగినదానికి నాచారం స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వొచ్చు, "మా పరిధి కాదు" అని తిప్పి పంపడానికి లేదు.